బీడు అని రాసిన నేలలో బతుకుతున్నవాటినీ లెక్కించండి

నారాయణపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నల్లగొండ జిల్లాల కలెక్టర్లకు, అటవీ అధికారులకు, వ్యవసాయాధికారులకు నమస్కారం.

ప్రతి వానాకాలం మొదట్లో కృష్ణ, మాగనూరు, మక్తల్ మండలాల రైతులు ఒకే ఫిర్యాదుతో కార్యాలయాల మెట్లు ఎక్కుతారు. పత్తి మొలకెత్తిన వారానికే జింకల మంద దిగింది, కంది సాళ్లు నున్నగా మేసి పోయింది, మళ్లీ విత్తనం కొనాలి. కొందరు రెండోసారి విత్తుతారు, కొందరు మూడోసారి కూడా. చేను చుట్టూ పాత చీరలు కడతారు, రాత్రంతా మంచెల మీద కూర్చుంటారు. ఈ గోడుకు వాళ్లకు దొరికే సమాధానం ఏళ్ల తరబడి మారలేదు: జింకల సంఖ్య పెరిగింది, వాటిని పట్టి అడవికి తరలించాలి.

ఆ సమాధానంలోని రెండు ముక్కలూ తప్పుదారి పట్టిస్తున్నాయని చెప్పడానికే ఈ లేఖ. నేను ఈ ప్రాంతపు పాఠశాలల్లో జీవశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న ఉపాధ్యాయుడిని. మాగనూరు వైపు మాకు కొద్దిగా నల్లరేగడి ఉంది. కాబట్టి జింక మేసిన చేను ఎలా ఉంటుందో నాకు ఎవరూ వివరించనక్కర్లేదు. జింక పట్ల ప్రేమతో రైతును నిందించేవాళ్లతో నాకు పొత్తు కుదరదు. రైతు కోపాన్ని చూపించి జింకను లేకుండా చేయాలనేవాళ్లతోనూ కుదరదు. నేను అడుగుతున్నది ఒక లెక్క. అడవి బయట, సాగునేలల నడుమ, గుట్టల అంచుల్లో బతికే జంతువుల లెక్క. దాని పక్కనే ఆ నేల ఏ ఏడు ఎలా వాడుకలో ఉందో చెప్పే లెక్క. ఈ రెండూ పక్కపక్కన లేకుండా ఏ జంతువు పెరిగిందో, ఏది తగ్గిందో, ఎందుకో మీరూ చెప్పలేరు, మేమూ చెప్పలేం.

మొదట కృష్ణజింక సంగతి. ఇక్కడి రైతులు జింక అంటున్నది దీన్నే. ఇది దట్టమైన అడవిలో బతికే జంతువు కాదు. పొట్టి గడ్డి, దూరం దాకా కనబడే చదును నేల దానికి ఇల్లు. శత్రువును దూరం నుంచే కళ్లతో పసిగట్టి పరుగుతో తప్పించుకోవడమే దాని బతుకు తెరువు. చెట్లు కమ్ముకున్న చోట ఆ రెండు బలాలూ పనికిరావు. తంగిడి దగ్గర భీమా నది కృష్ణా నదిలో కలిసే చోటి నుంచి జూరాల ఆనకట్ట దాకా ఉన్న రేగడి మైదానాల్లో జింకలు తరతరాలుగా ఉన్నాయి. ఎక్కడి నుంచో వలస వచ్చి మన చేలల్లో పడలేదు. అలాంటిదాన్ని పట్టి నల్లమలలో వదలమనడం దాని స్వభావానికే విరుద్ధం. పట్టుకునే క్రమంలోనే బెదిరి చనిపోయే ప్రమాదమున్న జాతి అది. మధ్యప్రదేశ్‌లో బోమా పద్ధతితో, అంటే గరాటు ఆకారంలో కంచె కట్టి మందను మెల్లగా వాహనంలోకి నడిపించే పద్ధతితో, కొన్ని మందలను తరలించారు. ఇక్కడా చేయవచ్చు. అయితే ఎక్కడికి? వాటికి సరిపడే గడ్డి మైదానం మన జిల్లాల్లో ఎక్కడ మిగిలి ఉందో చూపించే పటం ఏ కార్యాలయంలో ఉంది?

ఇక సంఖ్య. 1970 దశకంలో దేశమంతటా కలిపి కృష్ణజింకలు ఇరవై రెండు వేల నుంచి ఇరవై నాలుగు వేల మధ్య ఉండేవని అంచనా. స్వాతంత్ర్యం వచ్చాక జీపులు, తుపాకులు, రాత్రిపూట సెర్చిలైట్లతో సాగిన వేట వాటిని ఆ స్థితికి తెచ్చింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి, కృష్ణజింక అత్యధిక రక్షణ ఉండే మొదటి షెడ్యూలులో చేరాక కోలుకున్నాయి. 2000 నాటికి సుమారు యాభై వేలకు చేరాయని నిపుణులు చెప్పారు. కాబట్టి పెరిగిన మాట కొంత నిజమే. కానీ అది సర్వనాశనం అంచు నుంచి వెనక్కి వచ్చిన పెరుగుదల. మా తాతల కాలంలో ఈ మైదానంలో ఎన్ని ఉండేవో ఎవరూ రాసిపెట్టలేదు గనుక, ఇప్పటి మందను దేనితో పోల్చి ఎక్కువ అంటున్నామో మనకే స్పష్టత లేదు.

జింకల కంటే చాలా ఎక్కువగా మారింది వాటి కాళ్ల కింది నేల.

ఒకప్పుడు పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఆముదం విస్తారంగా పండేది. జొన్న, సజ్జ, కొర్ర, ఉలవ దాని చుట్టూ ఉండేవి. ఆముదం ఆకును జింకా మేయదు, పందీ ముట్టదు. అందుకే రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు అడవిపందుల నుంచి పంటను కాపాడుకోవడానికి చేను చుట్టూ నాలుగు వరసల ఆముదం వేయమని సలహా ఇస్తారు. అప్పట్లో ఊరు ఊరంతా ఆముదమే అయినప్పుడు ఆ రక్షణ ఎవరూ ప్రత్యేకంగా ఏర్పాటు చేసుకోనక్కర్లేకపోయింది. ఒక ఏడు పండించిన చెలకను మరో ఏడు బీడుగా వదిలేవారు. ఆ బీడులో గడ్డి, ఆ గడ్డిలో గొర్రె, జింక, కుందేలు, కౌజుపిట్ట. ఊరి చివర బంచరాయి, గైరాన్ భూములు ఎవరి సొంతమూ కాకుండా అందరి పశువులకూ మేత ఇచ్చేవి.

ఆ తర్వాత జూరాల వచ్చింది. భీమా ఎత్తిపోతలతో సంగంబండ, భూత్పూర్ జలాశయాలు నిండాయి. బోర్లు వచ్చాయి. ఆముదం పోయి పత్తి, మిరప, వరి వచ్చాయి. నేను నీళ్లకు వ్యతిరేకిని కాను. బొంబాయి, పూణె నగరాల్లో రాళ్లు మోసి, దేశంలోని ఎన్నో ఆనకట్టలకు మట్టి తవ్విన పాలమూరు కూలీల పిల్లలకు పాఠాలు చెప్పినవాడిని. నీళ్లు వచ్చిన ఊళ్లలో వలస తగ్గితే సంతోషించినవాడిని. కానీ నీళ్లతో పాటు నేల మీద ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. బీడుగా వదిలే అలవాటు పోయింది. గట్లు సన్నబడ్డాయి. బంచరాయిలు కొన్ని పట్టాలయ్యాయి, కొన్ని ప్లాట్లయ్యాయి. ఎండాకాలంలో ఎండిపోయే మైదానం మధ్య కాలువ కింద పచ్చగా నిలబడే మళ్లు వచ్చాయి. వేసవిలో మేత కొరతతో సహజంగా చనిపోవలసిన జింక పిల్లలకు ఇప్పుడు యాసంగి పంట దొరుకుతుంది. మిగతా నేలంతా మూసుకుపోయి, తెరిచి ఉన్న కొద్దిపాటి నేల మీద మందలు ఒక్కచోట గుమిగూడతాయి. చెదిరి ఉన్నప్పుడు పదిహేను ఊళ్లకు పంచుకుపోయే నష్టం, గుమిగూడినప్పుడు రెండు మూడు ఊళ్ల నెత్తిన పడుతుంది. ఆ రెండు మూడు ఊళ్ల రైతుకు జింకలు రెట్టింపయ్యాయనిపించడంలో ఆశ్చర్యం లేదు. అతని కంటికి కనిపించేది నిజమే. కారణం మాత్రం అతని చేను గట్టు దగ్గర ఆగిపోదు.

వేటాడే జంతువుల వైపు కూడా చూడాలి. కృష్ణజింక అంత వేగంగా పరుగెత్తడం నేర్చుకున్నది చీతాను తప్పించుకోవడానికి. చీతా మన దేశం నుంచి మాయమైందని 1952లో ప్రకటించారు. ఆ తర్వాత మైదానంలో జింకను వేటాడగలిగింది ప్రధానంగా తోడేలే. దేశం మొత్తం మీద తోడేళ్లు దాదాపు మూడు వేలే ఉంటాయని ఇటీవలి అంచనా. పులుల సంఖ్యతో పోల్చితే ఎక్కువేమీ కాదు. పులికి అభయారణ్యాలున్నాయి, తోడేలుకు ఉన్నది ఇదే చెలక, ఇదే గుట్ట అంచు. గొల్ల కురుమలు తోడేలును తిట్టుకుంటూనే, మందలో ఏడాదికి కొన్ని గొర్రె పిల్లలు దాని వాటా అన్నట్టు సర్దుకునేవారు. నల్ల దక్కనీ గొర్రెలు తగ్గి, మేత భూములు తగ్గి, మందల దారులు మూసుకుపోయాక ఆ ఓర్పుకు చోటు లేకుండా పోయింది. తోడేలు బొరియ కనిపిస్తే పొగబెట్టేవాళ్లున్నారు. గుంటనక్కను చూసిన పిల్లలు మా బడుల్లో ఏటికేడు తగ్గిపోయారు. చేయి ఎత్తమంటే చివరి సంవత్సరాల్లో తరగతికి ఒకరిద్దరు ఎత్తేవారు.

అడవిపంది కథ దీనికి సరిగ్గా తలకిందులు. కూలికి పోయిన కుటుంబాల చేలు ఏళ్ల తరబడి పడావు పడ్డాయి. వాటిలో, చెరువు శికాల్లో, అంటే నీళ్లు తగ్గితే బయటపడే చెరువు నేలల్లో, కాలువ కట్టల వెంట సర్కారు తుమ్మ అల్లుకుపోయింది. మనిషి చొరబడలేని ఆ ముళ్ల పొదలు పందికి పగలంతా నీడ. చీకటి పడగానే పక్కనే వేరుశనగ, మొక్కజొన్న, వరి. ఒక్కో ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలు పెట్టే జంతువుకు ఇంతకన్నా ఏం కావాలి? నీడ ఇచ్చిందీ మనమే, తిండి పెట్టిందీ మనమే. ఇప్పుడు ప్రభుత్వం షూటర్లను పంపి చంపడానికి అనుమతులు ఇస్తోంది. చంపిన ఊళ్లో మరుసటి ఏడు నష్టం తగ్గిందా అని ఎవరైనా కొలిచారా? పొదలు అలాగే ఉంటే, పక్క ఊరి పందులు ఖాళీ అయిన చోటికి రావడానికి ఎంత కాలం పడుతుంది? శికంలో తుమ్మ కొట్టించిన ఊళ్లలో నష్టం ఎంత, కొట్టించని ఊళ్లలో ఎంత అనే పోలిక ఒక్క మండలంలో చేసినా మనకు తుపాకీ కన్నా పనికొచ్చే సమాధానం దొరకవచ్చు. కరెంటు తీగలు కట్టి పందిని చంపబోయి పక్క పొలం రైతు చనిపోయిన వార్తలు ప్రతి యాసంగిలోనూ చదువుతున్నాం. ఆ చావులకు కారణం రైతు తెగింపు ఒక్కటే అని తేల్చేయకండి.

నల్లగొండ వైపు వస్తే నేల మార్పు ఇంకా పాతది, ఇంకా పెద్దది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు ఒక తరం కాలంలోనే మెట్ట నుంచి మాగాణికి మారిపోయాయి. ఇవాళ మిర్యాలగూడ రైస్ మిల్లుల పట్టణం. ఆ మార్పుతో ఏ జీవులు వచ్చాయో చూడటం సులువు: కొంగలు, నత్తగుల్ల కొంగలు, నీటి కోళ్లు, బాతులు. నీళ్లు నిలిచే చోటికి నీటి పక్షులు వచ్చాయి, సంతోషమే. వెళ్లిపోయినవి ఎవరి కంటా పడవు, ఎందుకంటే వాటికి పేర్లు పెట్టి పిలిచినవాళ్లు కూడా వెళ్లిపోతున్నారు. తీతువుల్లో రెండు రకాలున్నాయి. కళ్ల దగ్గర ఎర్ర తోలున్నది నీటి చుట్టుపక్కల బతుకుతుంది. పసుపు తోలున్నది ఎండిన మెట్ట నేల మీదే గుడ్లు పెడుతుంది. కాలువ వచ్చిన ఊళ్లో మొదటిదాని అరుపు నిత్యం వినిపిస్తుంది, రెండోది అరుదవుతుంది. ఏ పరికరమూ లేకుండా ఎనిమిదో తరగతి పిల్లలు తమ ఊరి నేల ఎటు మారుతోందో చెప్పగలిగే గుర్తు ఇది. మీరు జిల్లా విద్యాధికారులతో ఒక మాట చెబితే చాలు, వందల బడుల్లో ఈ పని మొదలవుతుంది.

సాగర్ ఆయకట్టుకు ఎగువన దేవరకొండ, చందంపేట, డిండి వైపు పరిస్థితి వేరు. అక్కడ నేల ఎర్రచెలక, గుట్టలు, పక్కనే నల్లమల. ఒక జిల్లాలోనే ఇంత తేడా ఉన్నప్పుడు జిల్లాకు ఒక అంకె చాలదు. లెక్క ఊరి స్థాయిలో ఉండాలి.

పాలపిట్ట పేరు ఎత్తకుండా ఈ విషయం ముగించలేను. 2014లో తెలంగాణ తన రాష్ట్ర పక్షిగా పాలపిట్టను, రాష్ట్ర జంతువుగా మచ్చల జింకను ఎంచుకుంది. కృష్ణజింక ఉమ్మడి రాష్ట్రపు గుర్తు. అది ఆంధ్రప్రదేశ్ వైపు ఉండిపోయింది. దాని మందలు కృష్ణా నది ఇవతలి గట్టున మన దగ్గర ఉన్నా సరే. దసరా నాడు పాలపిట్టను చూడటం మనకు శుభం. 2023లో వెలువడిన దేశవ్యాప్త పక్షుల స్థితి నివేదిక, ఆ పక్షి గణనీయంగా తగ్గుతోందని, దాని ప్రమాద స్థాయిని అంతర్జాతీయంగా మళ్లీ అంచనా వేయాలని సూచించింది. అదే నివేదిక నెమళ్లు పెరుగుతున్నాయంటోంది. ఒకే దేశంలో, ఒకే చేలల్లో ఒక పక్షి పెరగడం, ఒక పక్షి తగ్గడం యాదృచ్ఛికం కాదు. నెమలి ఏదైనా తింటుంది: గింజ, మొలక, పురుగు, పాము పిల్ల. పాలపిట్ట తీగ మీదో మోడు మీదో కూర్చుని, తెరిచి ఉన్న నేల మీద కదిలే పురుగును చూసి దిగుతుంది. పత్తికి మందు కొట్టీ కొట్టీ పురుగు లేని చేనులో, గట్టు మీద మోడు కూడా కొట్టేసిన చోట, అది ఏం చూసి దిగాలి? దసరా రోజున పంజరంలో పాలపిట్టను తెచ్చి చూపించి డబ్బులు అడిగేవాళ్లను అటవీశాఖ అరికట్టడం మంచి పనే. పంజరం బయట దాని నేల గురించి మాత్రం ఏ శాఖా మాట్లాడటం లేదు.

ఇక్కడ మీ శాఖల రికార్డుల విషయానికి వస్తాను. నా ఆవేదన అసలు ఇదే.

అటవీ నివేదికల్లో అడవి అంటే చెట్ల నీడ పది శాతం దాటిన నేల. అంతకన్నా తక్కువుంటే పొదల నేల అవుతుంది, ఏ చెట్టూ లేని గడ్డి నేల అసలు లెక్కలోకే రాదు. కేంద్రం ప్రచురించే బంజరు భూముల చిత్రపటంలో ఆ పొదల నేలలు బంజరు కింద చేరతాయి. రెవెన్యూ రికార్డులో పోరంబోకు, బీడు. వ్యవసాయ శాఖకు పడావు. సౌర ఫలకాలు పెట్టే సంస్థలకు అది ఖాళీ స్థలం. జింకకు, తోడేలుకు, గుంటనక్కకు, పసుపు తీతువుకు ఇల్లయిన నేలను ఇన్ని శాఖలు చూస్తూ, అందులో ఏమీ లేదని ఏకగ్రీవంగా రాసుకున్నాయి. 2015లో మొదలైన హరితహారం ఈ బీళ్లలోనే ఎన్నో చోట్ల మొక్కలు నాటింది. ఊరికి పచ్చదనం కావాలి, కాదనను. రహదారుల పక్కన, బడుల్లో, చెరువు కట్టల మీద ఎన్ని నాటినా తక్కువే. గడ్డి మైదానంలో గుంటలు తీసి వరసగా మొక్కలు నాటితే మాత్రం అక్కడి జీవులకు అది అడవి పెంచడం కాదు, ఉన్న ఇల్లు కూల్చడం. ఇప్పుడు వన మహోత్సవం పేరుతో ఏటా నడుస్తున్న కార్యక్రమంలో గడ్డి నేలలను మినహాయించమని ఒక్క వాక్యం చేర్చడానికి ఖర్చేమీ లేదు.

హైదరాబాద్‌లో కంచ గచ్చిబౌలి భూముల్లో 2025లో చెట్లు కొట్టడానికి యంత్రాలు దిగినప్పుడు దేశమంతా కదిలింది, సుప్రీంకోర్టు తనంతట తానే జోక్యం చేసుకుని ఆపింది. 2019లో నల్లమలలో యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా ఇక్కడి జనం రోడ్డెక్కితే శాసనసభ తీర్మానం చేసింది. ఆ రెండూ జరగవలసినవే. కానీ పాలమూరు పల్లెల మేత కంచెలు, గైరాన్‌లు ఇరవై ఎకరాలు, నలభై ఎకరాల ముక్కలుగా పోతున్నాయి. ముక్క పోయినప్పుడు కెమెరాలు రావు.

మీ దగ్గర ఏమీ లేదని నేను అనడం లేదు. చాలా ఉంది. 1954-55 ఖాస్రా పహాణీ మొదలుకొని ఏటా రాసిన పహాణీలున్నాయి. ఏ సర్వే నంబరులో ఏ పంట, ఎంత విస్తీర్ణం, ఎంత పడావు అనేది పట్వారీల కాలం నుంచి వీఆర్వోల కాలం దాకా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. వీఆర్వో వ్యవస్థ 2020లో రద్దయ్యాక కూడా వ్యవసాయ విస్తరణ అధికారులు సీజనుకోసారి పంటల నమోదు చేస్తున్నారు. 1972 నుంచి ఉపగ్రహ చిత్రాలున్నాయి. వాటిని చదివే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. పంట నష్టం దరఖాస్తులన్నీ తేదీలతో, ఊరి పేర్లతో కార్యాలయాల్లో కట్టలు కట్టి ఉన్నాయి. అవి కూడా జంతువుల కదలికల రికార్డే. జీవవైవిధ్య చట్టం కింద ప్రతి గ్రామ పంచాయతీలోనూ జీవవైవిధ్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. చాలా ఊళ్లలో ఆ రిజిస్టర్ ఎక్కడుందో సర్పంచికి తెలియదు, కానీ చట్టం ఉంది. ఇవన్నీ వేర్వేరు బీరువాల్లో ఉన్నాయి. ఒక జిల్లాలో, ఒక మండలంలో వాటిని ఒక్క బల్ల మీద పరిచి చూడండి. కృష్ణ మండలంతో మొదలుపెట్టండి. ఏ ఏడు ఏ ఊళ్లో పడావు తగ్గింది, ఏ ఏడు వరి పెరిగింది, ఆ తర్వాత ఎన్నేళ్లకు జింకల ఫిర్యాదులు మొదలయ్యాయి, ఏ సర్వే నంబర్ల చుట్టూ. ఇది తేలితే మంద ఎటు జరుగుతుందో ముందే చెప్పవచ్చు. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల కింద రేపు కొత్తగా తడవబోయే నేలల్లో ఇదే కథ మళ్లీ జరగకముందే ఏర్పాట్లు చేసుకోవచ్చు.

జంతువులను లెక్కించే పని ఎవరు చేయాలంటే, దారి మీరే చూపించారు. నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యం రెండు వేల ఆరువందల చదరపు కిలోమీటర్లు దాటిన విస్తీర్ణం. అక్కడ అటవీశాఖ చెంచులను కాపలాదారులుగా పెట్టుకుంది, ఎందుకంటే పులి అడుగును వాళ్లకన్నా బాగా చదివేవాళ్లు లేరు. అక్కడ నాలుగేళ్లకోసారి జాతీయ గణన జరుగుతుంది, కెమెరాలు పెడతారు. మైదానంలో చెంచుల స్థానంలో గొల్ల కురుమలున్నారు. ఏ గుట్ట మీద తోడేలు పిల్లలు పెట్టింది, ఏ వాగు ఒడ్డున ఇర్రి (మగ జింక) ఒంటరిగా తిరుగుతోంది, ఏ చెలకలో పూరేడు పిట్టలు మిగిలాయి అనేది వాళ్లకు తెలుసు. వాళ్లను అడగండి. అడిగి ఊరుకోకుండా రాయించి, ఆ పనికి కూలి ఇవ్వండి. ఏడాదికి రెండుసార్లు, వానాకాలం విత్తనానికి ముందు ఒకసారి, యాసంగి కోతలయ్యాక ఒకసారి, అదే దారుల వెంట, అదే పద్ధతిలో లెక్కిస్తే పదేళ్లలో మన దగ్గర నమ్మదగిన చరిత్ర ఉంటుంది. ఒక్క ఏడాది లెక్కతో ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. వానలు బాగా కురిసిన ఏడాదీ, కరువు ఏడాదీ ఒకేలా ఉండవు.

ఈ లెక్క వచ్చేలోగా రైతు ఆగలేడని నాకు తెలుసు. మొలక దశలో మేసిన పంటకు పరిహారం కోత నాటికి కాదు, మళ్లీ విత్తనం కొనే రోజుకు అందాలి. పట్టాదారు పాసు పుస్తకం లేని కౌలు రైతుకు కూడా అందాలి. జింక మేసేది దున్నినవాడి పంటనే. జింకలు ఎక్కువగా తిరిగే ఊళ్లలో కొంత నేలను గడ్డిగా ఉంచే రైతుకు ఎకరానికి ఇంత అని ఏటా ఇచ్చే పథకం ఆలోచించండి. సాగు చేసిన ఎకరానికి సాయం ఇవ్వగలిగిన ప్రభుత్వం, ఊరంతటి పంటకు తెరిపినిచ్చే గడ్డి ఎకరానికీ ఇవ్వగలదు. గ్రామసభ ఒప్పుకున్న చోట బంచరాయిలోనే మేత గడ్డి, నీటి గుంత ఏర్పాటు చేసి, దాని చుట్టూ ఆముదం, కుసుమ లాంటి జింకకు రుచించని పంటలు వేసేవాళ్లకు విత్తనం, మార్కెట్ హామీ ఇవ్వవచ్చు. ఆముదం ధర పడిపోతే రైతు మళ్లీ పత్తికే పోతాడు కాబట్టి, మార్కెట్ సంగతి తేల్చకుండా ఇది నిలబడదు.

కంచె వేసి ఇన్ని ఎకరాలు జింకలకు అని పలక పెడితే సరిపోతుందనేవాళ్లు ఒకసారి నది దాటి కర్నూలు వైపు చూడాలి. గడ్డి నేలల్లో బతికే పెద్ద పక్షి బట్టమేకపిట్ట కోసం 1988లో రోళ్లపాడును అభయారణ్యంగా ప్రకటించారు. ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు గడ్డి నేల. లోపల రక్షణ దొరికి కృష్ణజింకలు పెరిగాయి, చుట్టూ రైతుల పంటలు దెబ్బతిన్నాయి, వాళ్లకు కోపం వచ్చింది. బట్టమేకపిట్ట తిరిగే చుట్టుపక్కల మెట్ట చేలు నీటిపారుదలతో మారిపోయాయి. కంచె లోపల గడ్డి అలాగే ఉంది, పిట్ట మాత్రం కనుమరుగైంది. దేశం మొత్తం మీద ఇప్పుడు బట్టమేకపిట్టలు నూట యాభైకి మించి లేవని అంచనా. రోళ్లపాడులో పనిచేసినవాళ్ల చిత్తశుద్ధిని నేను శంకించడం లేదు. వాళ్ల చేతిలో ఉన్నది కంచె లోపలి నేల మాత్రమే. పిట్ట బతుకు కంచె బయటి పంటల మీద ఆధారపడింది. ఆ పంటల లెక్క వేరే శాఖ చేతిలో ఉంది. మనం ఇక్కడ అదే పొరపాటు చేయకుండా ఉండాలంటే, అటవీ, రెవెన్యూ, వ్యవసాయ శాఖలు మూడూ ఒకే పటాన్ని చూస్తూ మాట్లాడుకోవాలి.

నా వినతి స్పష్టంగా చెబుతాను. బంచరాయి, గైరాన్, గుట్ట పోరంబోకు భూములను మొక్కల పెంపకానికో, సౌర విద్యుత్తుకో, ప్లాట్లకో, క్వారీకో కేటాయించే ముందు, కనీసం ఒక వానాకాలం, ఒక యాసంగి పాటు అక్కడ ఏయే జంతువులు, పక్షులు ఉన్నాయో నమోదు చేసి గ్రామసభ ముందు తెలుగులో చదివి వినిపించాలి. గుట్టల్లో క్వారీలకు ఇది మరీ అవసరం. రాళ్ల గుహలు పోయాక చిరుత మేకల దొడ్లకు, ఊరి కుక్కల కోసం వీధుల్లోకి రాకుండా ఎక్కడికి పోతుంది? కృష్ణ, మాగనూరు, మక్తల్ మండలాలతో పాటు నల్లగొండ జిల్లాలో చందంపేట, సాగర్ ఆయకట్టులో ఏదో ఒక మండలం తీసుకుని పహాణీలు, ఉపగ్రహ చిత్రాలు, పంట నష్టం దరఖాస్తులు, గొల్ల కురుమల జ్ఞాపకాలు కలిపి ఊరి వారీగా ఒక నివేదిక తయారు చేయించండి. దాన్ని రైతు వేదికల్లో అందరికీ అందుబాటులో ఉంచండి. తప్పులుంటే మేం దిద్దుతాం.

మృగశిర కార్తెకు విత్తనాలు మొదలవుతాయి. ఈసారి జింకల గురించిన సమావేశం మొలకలు పోయాక కాకుండా, మే నెలలోనే మక్తల్‌లో ఏర్పాటు చేయమని కోరుతున్నాను. అటవీ, రెవెన్యూ, వ్యవసాయ అధికారులు ముగ్గురూ ఉండాలి. ఒకరు రాకపోయినా ఆ సమావేశానికి అర్థం ఉండదు. వచ్చేటప్పుడు కృష్ణ మండలం పహాణీ నకళ్లు, గత సంవత్సరాల పంట నష్టం దరఖాస్తుల జాబితా వెంట తేవాలి. ఊళ్ల నుంచి కాపరులను, కౌలు రైతులను, నాతో పాటు పనిచేసిన ఉపాధ్యాయులను పిలుచుకుని వచ్చే బాధ్యత నాది.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
మక్తల్ ప్రాంతం, నారాయణపేట జిల్లా